పిల్లలు రాసే పరిశోధన వ్యాసం: ఇంట్లో పెద్దలు తెలుసుకోవలసినవి

కాలేజీలో చేరిన మన పిల్లలు మొదటి ఏడాదిలోనో రెండో ఏడాదిలోనో ఇంగ్లీషు క్లాసు నుంచి ఒక పని ఇంటికి తెస్తారు. ఒక కథో, నాటకమో, కావ్యమో తీసుకొని దాని మీద ఐదారు పేజీల పరిశోధన వ్యాసం రాయాలి. కొన్ని కాలేజీల్లో టర్మ్ పేపరు అంటారు, కొన్నిచోట్ల అసైన్‌మెంటు, ఇంకొన్నిచోట్ల ప్రాజెక్టు. పేరు ఏదైనా ఇంట్లో జరిగేది ఒకటే. పిల్ల రాత్రి పదకొండు దాకా ఫోను చూస్తుంది, ఎక్కడెక్కడివో పేరాలు తెచ్చి అతికిస్తుంది, పొద్దున ప్రింటు తీయించుకొని బస్సుకు పరుగెత్తుతుంది. మార్కులు తగ్గితే ఎందుకు తగ్గాయో దానికీ తెలియదు, మనకూ తెలియదు.

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే ఇది చేతనవుతుందని చాలా ఇళ్లలో ఒక అభిప్రాయం ఉంది. మా సంఘానికి వచ్చే తల్లిదండ్రులు కూడా మంచి ఇంగ్లీషు ట్యూషన్ ఎక్కడుందనే అడుగుతారు. అసలు లోటు అక్కడ లేదని మేము గట్టిగా అనుకుంటున్నాం. పన్నెండో తరగతి దాకా పిల్లలు నేర్చింది కథాసారాంశం రాయడం. కవి పరిచయం, కథ, పాత్రలు, నీతి. కాలేజీలో అడిగేది అది కాదు. కథ టీచరుకు ముందే తెలుసు. ఆ కథ గురించి నువ్వు ఒక ప్రశ్న వేసుకున్నావా, దానికి నీకు తోచిన జవాబు ఏమిటి, ఆ జవాబుకు పుస్తకంలోంచి ఏం రుజువు చూపిస్తావు, ఇంతకుముందు ఇదే విషయం రాసినవాళ్లు ఏమన్నారు, వాళ్లతో నువ్వు ఎక్కడ ఏకీభవిస్తావు, ఎక్కడ ఏకీభవించవు. ఆవిడ చూసేది ఇదంతా.

కాబట్టి మొదటి పని ప్రశ్నను చిన్నది చేసుకోవడం. 'తెలుగు సాహిత్యంలో స్త్రీలు' అంటే ఐదు పేజీల్లో కాదు, ఐదు సంపుటాల్లో కూడా తేలదు. ఒక పుస్తకం, అందులో ఒక భాగం, దాని మీద ఒక సందేహం. ఇంత చాలు.

మేము తమిళనాడులో ఉంటాం కాబట్టి ఇక్కడి ఉదాహరణే చెబుతాం. తంజావూరును మరాఠా రాజు ప్రతాపసింహుడు ఏలిన కాలంలో, అంటే పద్దెనిమిదో శతాబ్దంలో, ముద్దుపళని అనే కవయిత్రి 'రాధికా సాంత్వనము' అనే తెలుగు కావ్యం రాసింది. రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికి ఇచ్చి పెళ్లి చేసి, తరువాత ఆ ఎడబాటు ఓర్వలేక అలిగితే, కృష్ణుడు వచ్చి సముదాయించడం కథ. శృంగార కావ్యం. పంతొమ్మిదో శతాబ్దంలోనే అది అచ్చయింది గానీ, కవయిత్రి తన ఇంటి ఆడవాళ్ల పరంపరను గర్వంగా చెప్పుకున్న పీఠిక పద్యాలూ మరికొన్ని పద్యాలూ అందులో లేవు.

ఇక్కడికి బెంగుళూరు నాగరత్నమ్మ వస్తుంది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరం కట్టించిన తల్లిగా ఆమెను మనవాళ్లందరికీ తెలుసు. 1878లో పుట్టింది, మైసూరు సీమలో పెరిగింది, బెంగుళూరులోనూ మద్రాసులోనూ పాడింది. ఆమె పరిశోధకురాలు కూడా అన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. తంజావూరు కాలపు సాహిత్యం మీద రాసిన ఒక పుస్తకంలో ఈ కావ్యం ప్రస్తావన చూసి, దాని కోసం వెతికింది. దొరికిన అచ్చు ప్రతి సరిగా లేదు. తరువాత రాత ప్రతి చేతికొచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకొని చదివితే వదిలేసిన భాగాలు బయటపడ్డాయి. వాటిని చేర్చి, తానే పీఠిక రాసి, 1910లో వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించింది.

ఆ తరువాతిదంతా గొడవే. కందుకూరి వీరేశలింగం గారు ఈ కావ్యం ఆడవాళ్లు వినదగింది కాదని తప్పుపట్టారు. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, ఇంతకంటే ఘాటైన మగకవుల కావ్యాలను మెచ్చుకుంటూ దీన్ని మాత్రం ఎందుకు తిడుతున్నారని నాగరత్నమ్మ అడిగింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న రోజుల్లో గానీ ఆ నిషేధం తొలగలేదు.

డిగ్రీ చదివే పిల్ల ఈ సంగతి మీద వ్యాసం రాస్తుందనుకుందాం. నాగరత్నమ్మ జీవితచరిత్ర రాసిపెడితే అది పరిశోధన కాదు, పాఠం అప్పజెప్పడం. బదులుగా ఒక ప్రశ్న తీసుకోవచ్చు: ఈ పుస్తకం మీద వచ్చిన అభ్యంతరం పద్యాల మీదా, వాటిని రాసినవారూ అచ్చువేసినవారూ ఎవరన్నదాని మీదా? దీనికి ఒక వాక్యంలో జవాబు రాసుకోవాలి. ఆ వాక్యమే వ్యాసానికి వెన్నెముక. ఇంగ్లీషు టీచర్లు థీసిస్ స్టేట్‌మెంట్ అనేది దీన్నే. ప్రతి పేరా ఆ వాక్యాన్ని బలపరచాలి, లేదా దానికి ఎదురుగా చెప్పగలిగే మాటను ముందే చెప్పి జవాబివ్వాలి. ఎదురుమాటను దాచిపెట్టిన వ్యాసం బలహీనంగా ఉంటుంది. పిల్లలు మాత్రం మార్కులు పోతాయని భయపడి దాన్నే దాస్తారు.

ఆధారాలు రెండు రకాలు. కావ్యం, నాగరత్నమ్మ పీఠిక, ఆ కాలపు విమర్శలు మూలాలు. వాటి గురించి తరువాతివాళ్లు రాసినవి రెండో రకం. తెలుగు చదవలేని పిల్లకు కూడా దారి ఉంది. సూసీ తారు, కె. లలిత కలిసి కూర్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో, 1991లో వచ్చింది, ముద్దుపళని గురించీ ఈ వివాదం గురించీ ఇంగ్లీషులో ఉంది. సంధ్యా ముల్‌చందానీ కావ్యాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. వి. శ్రీరామ్ నాగరత్నమ్మ జీవితచరిత్రను ఇంగ్లీషులో రాశారు. అయితే అనువాదం చదివి రాసినప్పుడు అనువాదకుల పేరు తప్పకుండా చెప్పాలి. పద్యంలో ఒక మాట ఎంపికను బట్టి వాదన కడితే, ఆ మాట కవయిత్రిదా, అనువాదకురాలిదా అని టీచరు అడుగుతుంది. ఇంట్లో తెలుగు చదవగలిగిన తాతో అవ్వో ఉంటే మూల పద్యం బయటికి చదివి అర్థం చెప్పవచ్చు. మన పిల్లలకున్న ఈ వసతి పక్క బెంచీ పిల్లలకు లేదు.

ఈ వసతి ఎంతకాలం ఉంటుందన్నదే మా దిగులు. తమిళనాడులో 2006 చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, మనం పుట్టిపెరిగిన నేల భాష అది. కానీ ఆ ఒరవడిలో తెలుగు అక్షరాలు రాని తరం ఒకటి ఇప్పుడు కాలేజీల్లో ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, పుస్తకం ఇస్తే చదవలేదు. అలాంటి పిల్లకు తెలుగు పుస్తకం మీద ఇంగ్లీషులో వ్యాసం రాసే అవకాశం వస్తే, అది మళ్లీ అక్షరాల దగ్గరికి వచ్చే దారి కావచ్చు.

విషయం కావాలంటే ఎవరి ఊరికి తగ్గవి వాళ్లకు ఉన్నాయి. కృష్ణదేవరాయలి 'ఆముక్తమాల్యద'కు నాయిక శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి. కర్ణాటకలో రాజధాని ఉన్న రాజు, తెలుగు కావ్యం, తమిళ భక్తురాలి కథ. శ్రీనివాస్ రెడ్డి ఇంగ్లీషు అనువాదం ఉంది. ఆండాళ్ పాశురాలు స్కూల్లో తమిళంలో చదువుకున్న మన పిల్ల ఈ రెండింటినీ పోల్చి రాయగలదు. మూడు రాష్ట్రాల వాళ్లకూ పనికొచ్చే విషయం ఇది. ఒడిశాలో ఉన్నవాళ్లకు గిడుగు రామమూర్తి పంతులుగారు ఉన్నారు. పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర భాష నేర్చుకొని, 1931లో ఆ భాష వ్యాకరణాన్నీ 1938లో నిఘంటువునూ ఇంగ్లీషులో వెలువరించారు. వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన మనిషి, అడవిలో మాట్లాడే భాష కోసం అంత కష్టం ఎందుకు పడ్డారన్నది మంచి ప్రశ్న. ఇక గురజాడ వారి 'కన్యాశుల్కం' 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, బాగా మార్చి పెంచిన రూపం 1909లో వచ్చింది. 1897 ముద్రణకు గురజాడ ఇంగ్లీషులోనే పీఠిక రాశారు. తెలుగు అక్షరం రాని పిల్ల కూడా మూల రచయిత మాటను నేరుగా చదవగలిగే అరుదైన సందర్భం.

పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో చాలా ఉన్నాయి. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా వెతుక్కోవచ్చు. తంజావూరు సరస్వతీ మహల్‌లోనూ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనూ తెలుగు రాత ప్రతులు ఉన్నాయి. అక్కడికి వెళ్లేముందు కాలేజీ నుంచి పరిచయ ఉత్తరం తీసుకోవడం మంచిది.

ఇక ఆధారం చూపించడం. ప్రభుత్వ ఆఫీసులో పనిచేసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఉత్తరం పైన రిఫరెన్సు నంబరూ తేదీ లేకపోతే ఆ కాగితం ఏ బల్ల మీదికి పోవాలో ఎవరికీ తెలియదు, ఫైలు కదలదు. వ్యాసంలో కూడా అంతే. సాహిత్య వ్యాసాలకు ఎక్కువగా ఎమ్మెల్యే పద్ధతి వాడతారు (శాసనసభ్యుడు కాదు, అమెరికాలోని ఒక భాషా సాహిత్య సంఘం పేరులోని పొడి అక్షరాలు). దాని తొమ్మిదో కూర్పు 2021లో వచ్చింది. వాక్యం చివర కుండలీకరణాల్లో రచయిత ఇంటిపేరు, పేజీ నంబరు, అంతే. వ్యాసం చివర పుస్తకాల పూర్తి వివరాల జాబితా. కొందరు టీచర్లు ఏపీఏ పద్ధతి అడుగుతారు, అందులో సంవత్సరం కూడా రావాలి. ఏది అడిగారో ముందే కనుక్కోవాలి. రెండూ కలిపి రాసినవాళ్లకే మార్కులు పోతాయి.

దీనికి ఒక అలవాటు ఉంటే చాలు. చదివేటప్పుడే నోటుపుస్తకంలో ప్రతి విషయం పక్కన పుస్తకం పేరూ పేజీ నంబరూ రాసుకోవాలి. పుస్తకంలోని మాటలను ఉన్నవి ఉన్నట్టు దించుకుంటే కొటేషన్ గుర్తులు అప్పుడే పెట్టాలి. రెండు వారాల తరువాత చూస్తే ఏది తన వాక్యమో ఏది పుస్తకం వాక్యమో ఎవరికీ గుర్తుండదు. కాపీ కేసుల్లో చాలా భాగం దొంగబుద్ధితో జరిగేవి కావు, ఈ గుర్తులు పెట్టకపోవడం వల్ల జరిగేవే.

కాపీ మీద రూలు కూడా చెప్పాలి. యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. పీజీ, పరిశోధన స్థాయి సిద్ధాంత వ్యాసాలకు అందులో మెట్లు ఉన్నాయి. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే గరిష్ఠంగా ఆరు నెలల్లో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాదిపాటు సరిచేసిన ప్రతిని కూడా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆధారం చూపించి ఎత్తి రాసిన భాగాలను ఈ లెక్కలో కలపరు. డిగ్రీ మొదటి ఏడాది పిల్లకు ఈ మెట్లు నేరుగా వర్తించవు గానీ, పరీక్షించే సాఫ్ట్‌వేర్ కాలేజీలో ఉంటే దాన్ని టీచర్లు డిగ్రీ వ్యాసాలకూ వాడగలరు. తెలుగు పుస్తకంలోంచి పేరా తీసుకొని ఇంగ్లీషులోకి మార్చి తన మాటగా రాసినా అది కాపీయే. సాఫ్ట్‌వేర్‌కు దొరకకపోవచ్చు, అయినా అది కాపీయే. ఈమధ్య ఫోనులో ప్రశ్న వేస్తే వ్యాసం మొత్తం రాసి ఇచ్చే యంత్రాలు వచ్చాయి. అవి లేని పుస్తకానికి పేరు పెడతాయి, లేని పేజీ నంబరు ఇస్తాయి. టీచరు ఆ పుస్తకం తెమ్మంటే అక్కడితో కథ ముగుస్తుంది.

నాలుగేళ్ల డిగ్రీ ఉన్న విశ్వవిద్యాలయాల్లో ఈ పని బరువు ఇంకా పెరిగింది. యూజీసీ చట్రం ప్రకారం మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయవచ్చు, అందులో సిద్ధాంత వ్యాసానికే 12 క్రెడిట్లు. అన్ని రాష్ట్రాల్లో ఇది అమల్లో లేదు, మీ కాలేజీలో అడగండి.

ఇంట్లో పెద్దలు కూడా ఆధారమే. పెళ్లిపాటలో, నలుగుపాటలో, వలస వచ్చిన కథలో ఏదైనా అవ్వ చెబితే దాన్ని ఇంటర్వ్యూగా చూపించే పద్ధతి ఉంది. ఎవరు చెప్పారు, ఏ తేదీన, ఎక్కడ అన్నది రాసుకోవాలి. 'అవ్వా, ఇది నా కాలేజీ వ్యాసంలో రాసుకోవచ్చునా?' అని ముందే అడగాలి, ఒప్పుకుంటేనే రికార్డు చేయాలి. పాట ఆవిడ పాడినట్టే రాయాలి. సినిమా పాటలా దిద్దకూడదు. మన ఇళ్ల తెలుగులో కలిసిపోయిన తమిళ, కన్నడ, ఒడియా మాటలను తప్పులని తీసేయకూడదు. ఆ పాటలో అసలు సరుకే అది కావచ్చు.

చివరిగా ఒక చిన్న సంగతి. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ముద్దుపళని పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాకూడదు. ఆధారంగా తీసుకున్న పుస్తకంలో ఎలా ఉందో అదే స్పెల్లింగు మొదటి పేజీ నుంచి చివరి జాబితా దాకా ఉంచాలి. ప్రింటు తీసేముందు ఒక్కసారి ఇంట్లో ఎవరినైనా పేర్లు మాత్రం సరిచూడమనండి. అందుకు ఇంగ్లీషు పెద్దగా రానక్కరలేదు.