బడిగంట – బదిలీ గంట

పనియే లోకముగా బ్రతుకు తండ్రి ఒకనాడు పిల్లలను బడికి చేర్చవలసి వచ్చుట – ఈ చిన్న ఇతివృత్తముపై హాలీవుడ్‌లో హాస్యచిత్రములు పెక్కు వచ్చినవి. 1983 నాటి 'మిస్టర్ మామ్'లో ఉద్యోగము పోయిన కార్ల ఇంజనీరు బడి ముందర వాహనమును తప్పుదారిని నడపి చీవాట్లు తినును. 1996 నాటి 'వన్ ఫైన్ డే'లో పత్రికా రచయితయైన తండ్రి వలన ఆలస్యమై, ఆయన కూతురికిని మరొక తల్లి కొడుకునకును బడివారి పడవ విహారము తప్పిపోవును. ఇక రోజంతయు పిల్లలను వెంటబెట్టుకొని ఆ ఇరువురును న్యూయార్కు నగరమున పరుగులు!

ఈ హాస్యము తండ్రి అసమర్థత నుండి పుట్టలేదు. లోకవ్యవహారములన్నియు తెలిసినవాడు తన బిడ్డకు ఏ పూట ఏ పుస్తకము కావలెనో ఎరుగడు. మనకు నవ్వు తెప్పించునది ఆ ఎరుగమియే.

ఇదే కథను గోదావరిఖనికి తెచ్చి చూతము. సింగరేణి గనులలో 8 గంటలకొక బదిలీ చొప్పున దినమునకు మూడు బదిలీలు. రెండవ బదిలీ వారములో తండ్రి మధ్యాహ్నము వెడలి, రాత్రి ప్రొద్దుపోయి ఇల్లు చేరును. అప్పటికి పిల్లలు నిద్రలో నుందురు. ఉదయము వారు బడికి పోవునప్పుడు ఆయన నిద్రించును. ఒకే కప్పు క్రింద నుండియు వారు కలిసి మాటలాడుకొనునది సెలవునాడే. 'నాయినా' యని పిలుచు ఇంటను, 'అబ్బా' యని పిలుచు ఇంటను ఇదే తీరు. సినిమా తండ్రి ఆలస్యముగా పోయి పై అధికారికి ఏదో సాకు చెప్పును. గని కార్మికునికి వేళ తప్పినచో ఆనాటి మస్టరే పోవును.

అయినను హాస్యమునకు తావు లేకపోలేదు. అది రాత్రి బదిలీ వారములో గలదు. తల్లికి జ్వరమనుకొందము. తెల్లవారి పైకి వచ్చిన తండ్రి, స్నానము చేసినను కనురెప్పల అంచున బొగ్గు కాటుకవలె మిగిలియుండగనే, ఇద్దరు ఆడపిల్లలకు జడలు వేయవలెను, టిఫిను డబ్బాలు సర్దవలెను, స్కూటరుపై బడికి దింపవలెను. గని కప్పునకు దన్ను నిలుపు చేతికి రిబ్బను ముడి లొంగదు. చిన్నదాని డబ్బా పెద్దదాని సంచిలో చేరును. "మీ బడి ఏ వీథిలోనే?" యని ఆయన దారిలో అడుగును!

గోదావరిఖని పరిసరముల బొగ్గు నేలను కథాస్థలముగా గైకొన్న 'దసరా' (2023) చిత్రమున స్నేహము, మద్యము, పగ ప్రధానములు. ఈ నేలపై నడచు ఇంటి హాస్యమునకు అందు చోటు స్వల్పము.

కళాశాల వార్షికోత్సవ నాటికకు ఈ ఇతివృత్తమును మేము సూచించుచున్నాము. రెండు కుర్చీలు, ఒక గడియారము, ఒక పాత స్కూటరు చాలును. తండ్రి పాత్ర ధరించువాడు గని కార్మికుని కుమారుడైనచో మేలు. నిలుచుండియే నిద్రపోవుట ఎట్లో అతనికి వేరుగా నేర్పనక్కరలేదు.