పిల్లల గదికి ఏ ఫ్లోరింగ్? ముందు తడిగుడ్డ పరీక్ష పెట్టండి!

కొత్త ఫ్లాట్‌కి ఇంటీరియర్ కొటేషన్ తీసుకుంటే, పిల్లల గది దగ్గర 'వుడెన్ ఫ్లోరింగ్' అన్న లైన్ చాలాసార్లు కనిపిస్తుంది. ఫొటోలో ముచ్చటగా ఉంటుంది. లేత రంగు చెక్క, మీద టెడ్డీ బేర్, పక్కన చిన్న టెంట్. హోమ్ లోన్ ఈఎంఐ అప్పుడే మొదలైనవాళ్ళు కూడా 'పాప కోసమేగా' అని ఓకే చెప్పేస్తారు. ఆగండి. ఆ గదిలో రోజూ ఏం జరుగుతుందో ఒక్కసారి ఆలోచించండి.

పాలు ఒలుకుతాయి. డైపర్ లీకవుతుంది. క్రేయాన్ గీతలు పడతాయి. స్టీలు గ్లాసు, బొమ్మ కారు రోజుకి పదిసార్లు కింద పడతాయి. ఇవన్నీ అయ్యాక మనం చేసే పని ఒక్కటే, తడిగుడ్డ పెట్టడం. మన ఇళ్ళలో నేలకి అసలు పరీక్ష అదే.

చెక్కలా ఉన్నదంతా చెక్క కాదు

'వుడెన్' పేరుతో తక్కువ ధరకి వచ్చేది చాలావరకు లామినేట్. చెక్క పీచుని జిగురుతో గట్టిగా అదిమి పలకలా చేస్తారు. పైన చెక్క డిజైన్ ప్రింటు, దాని మీద గీతలు తట్టుకునే పొర ఉంటాయి. డబ్బా మీద ఏసీ3, ఏసీ4 అని రాసేది అరుగుదల గురించే, నీళ్ళ గురించి కాదు. అతుకుల్లోంచి నీళ్ళు దిగితే లోపలి పీచు ఉబ్బుతుంది. ఆరాక కూడా మామూలుగా అవ్వదు. మా అక్కావాళ్ళింట్లో ఏడాదిన్నరకే మంచం పక్కన అంచులు లేచాయి. పిల్లాడు పరిగెత్తితే కాలికి తగులుతున్నాయి. పనావిడని అని లాభం లేదు. ఆవిడ అన్ని గదులూ తుడిచినట్టే ఆ గదీ తుడిచింది.

చెక్క లుక్కే కావాలంటే ఎస్‌పీసీ అడగండి. రాతిపొడి, పీవీసీ కలిపి చేసిన పలకలివి. నీళ్ళకి ఉబ్బవు. పాత టైల్స్ పగలగొట్టకుండా వాటిపైనే లాక్ చేసి పరిచెయ్యొచ్చు. కానీ కింద నేల సమంగా ఉండాలి, తలుపు కింద ఖాళీ ఉండాలి.

టైలా? బండా?

బడ్జెట్ తక్కువ, ఏళ్ళ తరబడి ఉండాలి అంటే విట్రిఫైడ్ టైల్‌కి తిరుగులేదు. అది పీల్చుకునే నీరు బరువులో 0.5 శాతం లోపే. అయితే పిల్లల గదికి గ్లాసీ వద్దు, మ్యాట్ తీసుకోండి. అద్దంలా మెరిసే టైల్ మీద నాలుగు చుక్కలు పడితే చాలు, జారతారు. షోరూమ్‌లో చెప్పులు విప్పి, శాంపిల్ మీద కాసిన్ని నీళ్ళు చల్లి, కాలు పెట్టి చూడండి. సిగ్గుపడకండి, డబ్బులు మనవి!

పాతింట్లో షాబాద్ బండలో, తాండూరు బండలో ఉంటే తియ్యకండి. పాలిష్ పట్టించి, సందులు నింపిస్తే సరిపోతుంది. ఎండాకాలం చల్లగా కూడా ఉంటాయి. ఒక్కటే జాగ్రత్త, ఇవి సున్నపురాయి జాతివి. నిమ్మరసం, బాత్రూమ్ యాసిడ్ పడితే మచ్చ ఉండిపోతుంది.

లెక్క ఇలా వేయండి

10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవున్న గది 110 చదరపు అడుగులు. కోతలకి, విరుగుళ్ళకి 10 శాతం కలిపితే 121. రెండడుగుల టైల్స్ పెట్టెకి నాలుగు వస్తాయనుకుంటే ఎనిమిది పెట్టెలు కావాలి. ఇంకో పెట్టె ఎక్కువ కొని దాచండి. అన్నిటి మీదా బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా చూస్కోండి. రెండేళ్ళ తర్వాత ఒక టైల్ పగిలితే అదే షేడ్ దొరకడం కష్టం. ధర అడిగేటప్పుడు టైల్ రేటొక్కటే కాదు, మేస్త్రీ కూలి, సిమెంటు లేదా గమ్ము, స్కర్టింగ్, పాత టైల్స్ తీసి పారెయ్యడం, అన్నీ కలిపి అడగండి.

మరి పడితే దెబ్బ తగలదా?

తగులుతుంది. టైల్ గట్టిదే. అందుకే మెత్తదనం పైన వేసుకోవాలి, అదీ పడే చోట. పాకే వయసులో ఆడుకునే మూలన ఫోమ్ మ్యాట్ వేయండి. వారానికోసారి ఎత్తి కింద తడి ఆరబెట్టండి. ముక్కలు కొరికి మింగకుండా ఓ కన్నేసి ఉంచండి. కాస్త పెద్దయ్యాక మంచం పక్కన వరంగల్ నూలు జంపఖానా వేస్తే ఉతుక్కోవచ్చు కూడా. జారకుండా కింద రబ్బరు వల పరచండి.

ఇప్పుడు పాకే పాప నాలుగేళ్ళకి సైకిల్ తొక్కుతుంది, పదేళ్ళకి స్టడీ టేబుల్ అడుగుతుంది. మ్యాట్ మార్చడం ఒక ఆదివారం పని. నేల మార్చాలంటే గది ఖాళీ చెయ్యాలి, దుమ్ము భరించాలి, మళ్ళీ డబ్బు పెట్టాలి. అందుకే నేలని తడిగుడ్డకి తగ్గట్టు, మ్యాట్‌ని వయసుకి తగ్గట్టు ఎంచుకోండి. మిగిలిన డబ్బుతో కిటికీకి గ్రిల్ పెట్టించండి. పిల్లల గదికి ముందు కావాల్సింది అదే.