పల్నాటి పత్తిలో జన్యువున కాజ్ఞ

నరసరావుపేట మొదలుకొని గురజాల, మాచర్ల వఱకు నల్లరేగడి చేలలో ఏటేటా విత్తెడి బీటీ పత్తిని గూర్చి మాట్లాడునపుడు, అందొక బాక్టీరియా జన్యువు కలదనియు, అది కాయతొలుచు పురుగును చంపు ప్రోటీనును పుట్టించుననియు ఎల్లరును చెప్పుదురు గాని, ఆ జన్యువునకు ముందు కూర్చిన మఱియొక చిన్న డి.ఎన్.ఏ. ఖండమును తలచువారు అరుదు. ఈ విత్తనమున మిక్కిలి తెలిసికొనదగినది ఆ ఖండమేయని నా యభిప్రాయము. ఏలయన జన్యువు ఉండుట వేఱు, అది పనిచేయుట వేఱు.

ఆకులోని కణమునను, వేరులోని కణమునను గల డి.ఎన్.ఏ. ఒక్కటే. అయినను ఒకటి ఆకుగను, మఱియొకటి వేరుగను రూపొందుటకు కారణము, ఏ జన్యువు ఎచ్చట, ఎప్పుడు, ఎంతమేరకు పనిచేయవలెనో నిర్ణయించు ఏర్పాటు. జన్యువునకు ఆనుకొని ముందున్న ప్రొమోటర్ అను భాగమున ఒక ఎంజైము నిలిచి, జన్యువునకు నకలు వ్రాయనారంభించును. ఆ వ్రాత మందముగా సాగునో ముమ్మరముగా సాగునో తేల్చు మఱియొక డి.ఎన్.ఏ. భాగమే ఎన్‌హాన్సర్. సాగరు కుడికాలువ క్రింది రైతునకు ఇది వింతగా తోపదు: పొలముకడ తూము తెఱచియున్నను, ఎగువనుండి వదలినగాని నీరు పాఱదు గదా!

1981లో జ్యూరిక్ నగరమున వాల్టర్ షాఫ్నర్ బృందమువారు, ఎస్.వి. 40 అను కోతివైరసులోని తునకనొకదానిని రక్తమునకు సంబంధించిన బీటా గ్లోబిన్ జన్యువుతో జతపఱచి చూడగా, ఆ జన్యువు పని సుమారు ఇన్నూరు రెట్లు హెచ్చెను; తునకను తలక్రిందులుగా త్రిప్పినను, వేలకొలది డి.ఎన్.ఏ. అక్షరముల దూరమునకు జరిపినను దాని ప్రభావము నిలిచియే యుండెను. ఇట్టి తునకయే ఎన్‌హాన్సరు. ఎన్‌హాన్సరుపై కొన్ని ప్రోటీనులు వచ్చి కూర్చుండగా, నడుమనున్న డి.ఎన్.ఏ. ఉచ్చువలె వంగి, వానిని ప్రొమోటరు చెంతకు చేర్చును. మన చేతివ్రేళ్ల యమరికను నడపు ఎన్‌హాన్సరొకటి తన జన్యువునకు దాదాపు పదిలక్షల అక్షరముల యెడమున నున్నది. అందొక్క అక్షరము మాఱినను, బొటనవ్రేలి ప్రక్క అదనపువ్రేలు మొలచుట కలదు.

ఇక మన పత్తి సంగతి. కాలీఫ్లవరు మొక్కకు తెగులు కలిగించు వైరసునందు 35ఎస్ అను బలమైన ప్రొమోటరు కలదు. దాని ఎన్‌హాన్సరు భాగమును జంటగా కూర్చినచో జన్యువు పని పదిరెట్ల వఱకు పెరుగునని 1987లో పరిశోధకులు ప్రకటించిరి. 2002 మార్చిలో మన దేశమున అనుమతి పొందిన తొలి బీటీ సంకరములలో, పురుగును చంపు జన్యువునకు ముందు నిలిపినది ఈ జంట ఎన్‌హాన్సరునే.

అయినను, వైరసునుండి తెచ్చిన యాజ్ఞ మొక్కయందంతటను, ఎల్లకాలమును సమానముగా చెల్లలేదు. నాగపూరులోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థవారు 2005లో ప్రకటించిన పరిశీలనలో ఆ ప్రోటీను ఆకులలో అధికముగను, పూవులోని అండాశయమునందును కాయతొక్కయందును అత్యల్పముగను కనబడెను; విత్తిన 110 దినములకు అది పురుగును చంపజాలని స్థాయికి పడిపోయెను. పురుగు తినునది కాయను. విషము హెచ్చుగా నున్నది ఆకునందు! చాలీచాలని మోతాదు తిని బ్రదికిన పురుగుల సంతతికి నిరోధశక్తి అబ్బుటకు వీలు హెచ్చు. గులాబీరంగు పురుగు ఈ ప్రోటీనును తట్టుకొనుచున్నదని 2010లో గుజరాతునుండి వార్త వెలువడెను. ఱేకులు ముడుచుకొని విచ్చుకొనని గుడ్డిపువ్వును చేత విప్పినచో, దారములతో అల్లుకొన్న ఱేకుల నడుమ ఆ చిన్నపురుగు కనబడును.

కావున బీటీ విత్తనము చెడినదని రైతు వాపోయినపుడు, జన్యువును మాత్రమే నిందించుట న్యాయము కాదని నేను నమ్ముదును. న్యూయార్కులో నామ్ హై చువా, ఆయన సహచరులు పొగాకు మొక్కలపై చేసిన ప్రయోగములలో, ఈ 35ఎస్ ఖండమునందే ఒక భాగము వేరునందును, మఱియొక భాగము ఆకునందును ముఖ్యముగా పనిచేయుట తేలినది. భాగములు మార్చి కూర్చినచో జన్యువు పలుకు చోటును మాఱును. కొత్త విత్తనమును పల్నాటికి తెచ్చువారిని, అందే జన్యువు కలదని యడుగుటతో ఆగక, నూఱుదినములు దాటిన పిమ్మట కాయతొక్కయందు దానిని పనిచేయించు ఎన్‌హాన్సరేదని కూడ అడుగవలెను.