కోలారు సీమ చెరువులు: ఋతువులు, నీటి వేడిమి, ఈత

కోలారు సీమలో ఏడాది పొడవున పారు ఏరు లేదు. పాలారు ఈ సీమ గుండ పారుచున్నను, వానలు కురిసిన దినములలోనే దానికి ప్రవాహము. పెన్న నందికొండల ప్రాంతమున పుట్టి నెల్లూరు మండలమున సముద్రమును చేరుచున్నది. అందుచేత ఇచ్చటి జనులకు పూర్వమునుండియు చెరువే జీవనాధారము. పై చెరువు నిండి మొరవ పారినచో ఆ నీరు క్రింది చెరువును చేరును. ఇట్లు వాగుల వెంట చెరువులు గొలుసుకట్టుగా నున్నవి. మొరవను కన్నడమున కోడి యందురు, తూమును తూబు అందురు. తెలుగు కన్నడములు కలసి మెలసి యున్న ఈ సీమలో రెండు మాటలును ఒకే నోట వినవచ్చును. చెరువుల త్రవ్వకమునందును, కట్టపనులందును పేరుపడిన వడ్డెరలు తెలుగు మాటాడువారే. కర్ణాటకమున వారిని భోవులని కూడ వ్యవహరింతురు.

ఈ చెరువులలోనే తరతరములుగా పిల్లలు ఈత నేర్చుచు వచ్చిరి. ఎండిన సొరబుర్రను నడుమునకు కట్టి, తండ్రియో అన్నయో వెంట నిలిచి నేర్పెడివారు. ఏ మూల లోతు, ఏ నెలలో నీరెట్లుండును అను జ్ఞానము ఈతతోపాటే అబ్బెడిది. అయితే వానలు చాలక, వాగులు పూడిపోయి, ఎన్నియో చెరువులు ఏండ్ల తరబడి ఎండిపోయినవి. 2018వ సంవత్సరమున బెంగుళూరునుండి శుద్ధిచేసిన నీటిని కోలారు చెరువులకు మళ్లించుట ఆరంభమైనది. ఎండిన చెరువులలో మరల నీరు కనబడినది. కాని నడుమ ఒక తరము ఈత నేర్వకయే పెరిగినది. నిండిన చెరువు, ఈత రాని బాలుడు - ఈ రెండును వేసవి సెలవులలో ఎదురుపడుటయే నేటి అపాయము. కాబట్టి చెరువునీటి స్వభావమును మరల తెలిసికొనుట అవసరము.

నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మిక్కిలి బరువుగా నుండును. అంతకు మించి వేడెక్కినకొలది తేలికయగును. అయితే ఈ తేలికదనము అన్ని వేడిమిలయందును సమానముగా పెరుగదు. 5 డిగ్రీల నీటికిని 6 డిగ్రీల నీటికిని గల భేదముకంటె, 29 డిగ్రీల నీటికిని 30 డిగ్రీల నీటికిని గల భేదము సుమారు పన్నెండు రెట్లు ఎక్కువ. అందువలన ఉష్ణదేశపు చెరువులలో పైనీరు కొద్దిగా వేడెక్కినను అది అడుగునీటితో సులభముగా కలియక, పైననే పొరగా నిలిచిపోవును. రాత్రి పైపొర చల్లబడి బరువెక్కి క్రిందికి దిగును. అప్పుడు నీరంతయు కలియును. లోతు తక్కువైన చెరువులలో ఈ విడిపోవుట, కలియుట దాదాపు ప్రతిదినమును జరుగుచుండును. గాలి గట్టిగా వీచినచో పగటివేళ సైతము కలియును.

కోలారు సీమ సముద్రమట్టమునకు 800 మీటర్లకు పైని ఎత్తున నున్నది. ఏప్రిలు నెలలో పగటి గాలి వేడిమి సుమారు 35 డిగ్రీలకు చేరును; డిసెంబరు, జనవరి రాత్రులలో 15 డిగ్రీలకు చేరువగా దిగును. నీటి వేడిమి గాలియంత త్వరగా మారదు. వేసవి మధ్యాహ్నమున పైనీరు 30 డిగ్రీలకు అటునిటుగా నుండగా, చలికాలపు వేకువను సుమారు 20 డిగ్రీలుండును. ఈత పోటీల కొలనులలో నీరు 25 మొదలు 28 డిగ్రీల వరకుండవలెనని అంతర్జాతీయ నియమము. బయలునీటి పోటీలకు 16కు తక్కువగాను, 31కి మించియు ఉండరాదు. ఈ కొలతను బట్టి చూచినచో, కోలారు చెరువులలో చలివలనగాని వేడివలనగాని ఈతకు కలుగు ఆటంకము స్వల్పము. అసలు అపాయము వేరొకచోట నున్నది.

వేసవిలో నీరు తగ్గును. ఒడ్డునుండి చూచువానికి చెరువు నడుములోతే యనిపించును. కాని ఇటుకలకొరకును, పొలములకొరకును మన్ను త్రవ్వినచోట్ల నిలువులోతు గుంతలుండును. నీటిపైనుండి అవి కనబడవు. వెచ్చని పైనీటిలో నడచువాడు ఒక్క అడుగు తప్పినచో చల్లని లోతులోనికి జారును. అడుగున బురద కాలిని పట్టును. చెరువులోతును నీటి వెచ్చదనము చెప్పదు.

వానకాలపు అపాయము మరియొక విధము. ఆగస్టు మొదలు నవంబరు వరకు వచ్చు వానలతో నీరు మట్టిరంగు దాల్చును. అరచేయి లోతున ఏమున్నదో తెలియదు. మొరవ పారుచోట మోకాటిలోతు నీరైనను మనిషిని త్రోసివేయగలదు. తెరచిన తూము చెంత నీటి లాగుడు పైకి కానరాదు. ఈ రెండు తావులకును పిల్లలను పోనీయరాదు.

కార్తికమాసపు వేకువను స్నానమునకు పోవువారికి నీరు గోరువెచ్చగా తోచును. ఇది వింత కాదు. రాత్రి గాలి త్వరగా చల్లబడును; పగటి వేడిమిని నీరు నిలుపుకొనును. నీటిపై పొగవంటి మంచు లేచుట అందువలననే. అయితే గాలికంటె నీరు సుమారు 25 రెట్లు వేగముగా దేహపు వేడిమిని లాగుకొనును. పసివారును వృద్ధులును నీటిలో ఎక్కువసేపు నిలువరాదు.

నీటి శుద్ధిని కూడ విచారింపవలెను. బెంగుళూరునుండి వచ్చు నీరు రెండు దశల శుద్ధి పొందినది. భూగర్భజలమును పెంచుటయే దాని ప్రయోజనము గాని స్నానపానములు గావు. ఎండకాలమున నీరు పచ్చని రంగు పూసినట్లు చిక్కబడినచో అందలి నాచు విషకరము కావచ్చును. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో నీటిలో ప్రాణవాయువు తగ్గినదని తెలియవలెను. వెచ్చని మంచినీటిలో పెరుగు నెగ్లేరియా అను సూక్ష్మజీవి ముక్కుద్వారా మెదడును చేరి ప్రాణము తీయును. 2024లో కేరళమున ఇట్టి మరణములు సంభవించినవి. ఇది మిక్కిలి అరుదైనను, నిలువ నీటిలో తల ముంచకుండుట మేలు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2021లో ప్రపంచమున సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించిరి. ఐక్యరాజ్యసమితి ఆ సంవత్సరమునుండియే జూలై 25ను ఈ మరణముల నివారణదినముగా నిర్ణయించినది. నివారణమార్గములు కష్టమైనవి కావు. తెలిసిన ఒడ్డున, పగటివేళ, ఈత వచ్చిన పెద్దవాని యెదుట మాత్రమే పిల్లలు నీటిలో దిగవలెను. మునుగువానిని చూచి ఈత రానివాడు దుముకరాదు. త్రాడో, పంచెయో, వెదురుగడయో అందింపవలెను. వెలికి తీసినవానికి శ్వాస లేనిచో నోటితో ఊపిరి యూది, రొమ్ము నొక్కుచు, 108కి కబురంపవలెను.

గ్రామపు పెద్దలకు తమ చెరువు గుంతలు తెలియును. ఆ జ్ఞానము వారితోనే అంతరింపరాదు. ప్రతి వేసవికి ముందు ఊరివారు కలసి లోతు గుంతలు గల తావులను గుర్తించి, అచ్చట గడలు పాతి, ఆ సంగతిని తెలుగునను కన్నడమునను పిల్లలకు తెలియజెప్పిన చాలును. చెరువును కట్టిన జాతికి దానిని ఎరిగి దిగుట కూడ విధియే.