నర్సరీ మొక్కకు ఎరువు: ఎంత? ఎప్పుడు?

బొగ్గు తవ్విన చోట మళ్లీ చెట్టు పెరగాలంటే అది ముందు నర్సరీలో గట్టిపడాలి. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గర మనకు కనిపించే ఓ.బి. గుట్టలు భూమి లోతుల్లోంచి తీసిపోసిన రాయి, మట్టి. ఆకులు మురిగి తయారైన సారం అందులో లేదు, నత్రజని చాలా తక్కువ, నీరు నిలవదు. జూలైలో అందరం కలిసి నాటిన మొక్క మరుసటి మే నాటికి పుల్లగా మిగలడానికి నీళ్లు పోయకపోవడం ఒక్కటే కారణం కాదు. నర్సరీలో దానికి పెట్టిన తిండి కూడా కారణమే.

సంచిలో ఏం నింపాలి?

రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు ఇసుక, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు కలపడం ఎక్కువగా వాడే పద్ధతి. పచ్చి పెంట వేయరాదు. అది సంచిలో మాగేటప్పుడు వేడి పుట్టి లేత వేర్లు దెబ్బతింటాయి. భాస్వరం మట్టిలో అంతగా కదలదు. కాబట్టి సూపర్ ఫాస్ఫేట్‌ను సంచి నింపకముందే మట్టిలో కలపాలి. తర్వాత పైన చల్లితే వేరుదాకా సరిగా చేరదు.

యూరియా లెక్క

రామగుండం అంటే బొగ్గు, కరెంటుతో పాటు యూరియా కూడా. బొగ్గుతో యూరియా చేసిన ఎఫ్.సి.ఐ. కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. ఇక్కడే ఆర్.ఎఫ్.సి.ఎల్. 2021 నుంచి సహజవాయువుతో యూరియా తయారు చేస్తోంది.

100 కిలోల యూరియాలో 46 కిలోలు నత్రజనే. ఇంత ఘాటైన ఎరువును చిన్న సంచుల్లో చేత్తో చల్లితే నాలుగు గుళికలు ఎక్కువ పడ్డచోట వేర్లు మాడతాయి, పడనిచోట మొక్క పాలిపోతుంది. నీటిలో కరిగించి పోస్తే అన్నిటికీ సమానంగా అందుతుంది.

10 లీటర్ల నీటిలో 10 గ్రాముల యూరియా కరిగించి, సంచికి 50 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే 200 మొక్కలకు సరిపోతుంది. ఒక్కో మొక్కకు అందే నత్రజని 23 మిల్లీగ్రాములు. పోసిన వెంటనే ఆకుల మీద ఉత్త నీళ్లు చల్లాలి. లేకపోతే ఆకులు మాడవచ్చు. మొలకకు గింజలోని తిండే చాలు. నాలుగైదు ఆకులు వచ్చాక సగం మోతాదుతో మొదలుపెట్టి, మొక్క పెరిగేకొద్దీ పెంచుతూ 15 రోజులకోసారి ఇవ్వవచ్చు.

అన్ని మొక్కలూ ఒకటి కావు

కానుగ, తుమ్మ వేర్ల బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. అందుకే సారంలేని నేలకు ఇవి మంచివి. యూరియా ఎక్కువైతే ఆ బుడిపెలు సరిగా ఏర్పడవు. ముదురు కానుగ చెట్టు కింది మట్టిని కొద్దిగా సంచి మట్టిలో కలిపితే ఆ బాక్టీరియా అందుతుంది. టేకు, వేప, వెదురుకు ఈ వసతి లేదు. వాటికి నత్రజని మనమే ఇవ్వాలి.

ఆకు చెప్పే సంగతి

కింది ముదురు ఆకులు పసుపెక్కితే నత్రజని లోపం. ఆకులు ఊదారంగుకు తిరిగితే భాస్వరం లోపం కావచ్చు. ముదురు ఆకుల అంచులు మాడితే పొటాష్ లోపం. లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం.

చివరి నెల

అసలు పరీక్ష ఇక్కడే. నాటడానికి నెల ముందు యూరియా ఆపాలి, నీళ్లు క్రమంగా తగ్గించాలి, సంచులను అటూ ఇటూ జరపాలి. అప్పుడు కాండం గట్టిపడుతుంది, వేరు సంచిలోనే గుబురుగా అల్లుకుంటుంది. పంపిణీ రోజుకు పచ్చగా కనబడాలని ఆఖరి వారం యూరియా పోస్తే పొడుగు పెరుగుతుంది, వేరు పెరగదు. అంత ఆకుకు అంత చిన్న వేరు ఎండలో నీరు అందించలేదు.

2015లో హరితహారం మొదలయ్యాక ఊరూరా నర్సరీలు వెలిశాయి. మనకు మొక్కలు దొరకడం ఇప్పుడు కష్టం కాదు, బతికే మొక్కను గుర్తుపట్టడమే తెలియాలి. వచ్చే వానాకాలం మన హాస్టల్‌కు మొక్కలు వచ్చినప్పుడు పొడుగు చూసి మోసపోకుండా, మొదలు లావుగా ఉండి గట్టిగా నిలబడ్డ మొక్కను ఎంచుకుందాం. పది నాటి రెండు బతికించడం కంటే, ఐదు నాటి ఐదూ బతికించుకోవడం మేలు కదా!