చెమ్మ గోడకు సిమెంటు మందు కాదు

వానలు వెనక్కి తగ్గాక మన లైను ఇళ్ళలో ఒకటే మాట. గోడ అడుగున చెమ్మ. రంగు ఉబ్బి పెచ్చులు రాలడం, తెల్లగా ఉప్పు పూయడం, మూల గదిలో బూజు వాసన. మేస్త్రిని పిలిచి, ఊడిన చోట సిమెంటు పూయిస్తాం. రెండు మూడేళ్ళకి అదే చెమ్మ ఇంకో అడుగు పైన కనిపిస్తాది. మళ్ళీ ఖర్చు. పనిలో లోపం లేకపోయినా ఇట్లా అయితాది. ఎందుకంటే ఆ పూత ఆ గోడకు సరిపడేది కాదు.

మన పాత ఇళ్ళ గోడలు చాలా వరకు రాయి, ఇటుక. మధ్యలో మట్టి, లేకుంటే సున్నం. అడుగున చెమ్మను ఆపే పొర ఏదీ ఉండదు. దీపం వత్తి నూనె పీల్చినట్టు గోడ నేలలోని తడిని పీలుస్తాది. సున్నం పూసిన గోడైతే ఆ తడిని గాలికి వదిలేస్తాది. సిమెంటు గట్టిగా మూసేస్తే తడికి దారి ఉండదు, పైపైకి ఎక్కుతాది. మిల్లులో పని చేసినవాళ్ళకి చెప్పాల్సిన పని లేదు. తడి నూలును ప్లాస్టిక్ సంచిలో కట్టి పెడితే ఏమైతాదో మనకు తెలుసు. గోడకూ అంతే.

ఇది పాతకాలపు మాట అని కొట్టేయకండి. హైదరాబాదులో చార్మినార్ 1591లో కట్టింది. రాయి, సున్నమే దానికి ఆధారం. అదే ఊళ్ళో గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులున్నాయి. వాటి మీద పోయిన శతాబ్దంలో సిమెంటు పూశారు. 2013లో ఆగా ఖాన్ ట్రస్టు వాళ్ళు బాగుచేసే పని మొదలుపెట్టి, ఆ సిమెంటును చెక్కించి మళ్ళీ సున్నపు గారే పూయించారు. ఇటు మన తమిళనాడులో చెట్టినాడు ఇళ్ళు చూడండి. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి, పొర మీద పొర వేసి మెరుగు పెట్టిన గోడలు ఇప్పటికీ అద్దంలా ఉన్నాయి.

సున్నం చేసే పని తేలిగ్గా చెప్తా. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే గడ్డలు వస్తాయి. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగి వెన్నలాంటి ముద్ద అయితాది. గోడకు పూశాక అది గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకుని నెమ్మదిగా మళ్ళీ రాయిగా మారుతాది. నెమ్మదిగా అన్న మాట గుర్తు పెట్టుకోండి. సిమెంటుకు ఉన్న తొందర దీనికి లేదు.

పని చేయించేటప్పుడు ఇవి చూసుకోండి.

ముందు నీళ్ళ దారి ఆపాలి. కొళాయి కారుతున్నా, చూరు నీళ్ళు గోడ మొదట్లో పడుతున్నా ఏ పూతా నిలవదు. తర్వాత చెమ్మ పట్టిన సిమెంటును రాయి, ఇటుక కనబడేదాకా చెక్కించండి. నున్నటి సిమెంటు మీద సున్నం పట్టుకోదు.

సున్నం కనీసం వారం నానాలి. ఎంత నానితే అంత మంచిది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు కడిగిన ఇసుక. తడి ఎక్కువ ఉండే చోట కొంచెం ఇటుక పొడి కలుపుతారు. పాత మేస్త్రులు కరక్కాయ, అరవంలో కడుక్కాయ అంటారే, అది నానేసిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కూడా పోసేవాళ్ళు. ఒకేసారి మందంగా వేయకండి. పలచగా రెండు మూడు పొరలు వేసి, వారం పాటు తడి గోనె సంచులు కప్పి ఎండ తగలకుండా చూడండి. పొంగలు దాటాక, ఎండలు ముదరకముందు ఈ పనికి మంచి కాలం.

కొత్త ఇల్లు కట్టేవాళ్ళు స్తంభాలు, పైకప్పు కాంక్రీటుతోనే కట్టుకోండి. లోపలి ఇటుక గోడలకు మాత్రం సున్నపు గార పూయించవచ్చు. పై పూత కూడా సున్నమే ఉండాలి. మెరిసే ప్లాస్టిక్ రంగు వేస్తే గోడ మళ్ళీ నోరు మూసుకుంటాది, పెట్టిన ఖర్చు వృథా.

ఒక్క జాగ్రత్త, ఆడవాళ్ళు ముఖ్యంగా వినాలి. సున్నం నానేసేటప్పుడు ఇనుప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, గడ్డలు కొంచెం కొంచెంగా వేయాలి. గడ్డల మీద నీళ్ళు గుమ్మరిస్తే మొహం మీదికి ఎగజిమ్ముతాది. ప్లాస్టిక్ బకెట్ కరిగిపోతాది. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. కంట్లో పడితే నలపకుండా, కన్ను తెరిపించి పావుగంటకు తక్కువ కాకుండా మంచినీళ్ళు ధార పోస్తూ కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. చూపు పోయే ప్రమాదం ఉంది.

సున్నం పనికి రోజులు ఎక్కువ పడతాయి, తెలిసిన మేస్త్రులు తక్కువ. చేతికి కూలి కూడా ఎక్కువే అయితాది. అందుకే ఇల్లంతా ఒకేసారి పెట్టుకోకండి. పిల్లలు పడుకునే గదిలో చెమ్మ గోడ ఏదో చూసి, ఈ ఏడు ఆ ఒక్క గోడతో మొదలుపెట్టండి. రెండు వానాకాలాలు గడిచాక మిగతా గోడల సంగతి మీరే తేల్చుకుంటారు.