నలభై రెండు వేల రూపాయల తీగ

మన వాళ్ళు ఈ బెంగుళూరు వచ్చి ఎన్ని తరాలైనా, ఇంట్లో మాటల్లో సగం కన్నడం కలిసిపోయినా, పాట దగ్గరకు వచ్చేసరికి మన భాష మనకు దక్కే ఉన్నది. ఆ మాటకు వస్తే, త్యాగరాజస్వామి పుణ్యమా అని మన ఇరుగుపొరుగు వారు కూడ తెలుగులోనే పాడుకుంటున్నారు. కనుక పాట వినే సాధనం కొనవలసి వస్తే మన వాళ్ళు చేయి వెనుకకు తీయరు. ఇది మంచి గుణమే. కాని ఈ గుణాన్ని ఆసరా చేసుకుని మన చెవిలో పువ్వులు పెట్టే వర్తకం ఒకటి బయలుదేరింది. దాన్ని గురించి, మా ఇంట్లోనే జరిగిన ఒక సంగతి ఆధారంగా, పాఠకులకు నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

మా పెద్దబావగారు ఉద్యోగం విరమించి రెండేళ్ళయింది. మా అక్కయ్య పోయి మూడేళ్ళయింది. పెళ్ళయిన కొత్తలో, 1989లో, అక్కయ్య ఇంట్లోనే టేపురికార్డరు ముందు కూర్చుని నాలుగు కృతులు పాడింది. అప్పటికి మాకు పదేళ్ళు. రికార్డరు మీట నొక్కే భాగ్యం మాకే దక్కింది. ఆ కేసెట్టులో తప్ప అక్కయ్య గొంతు ఇంకెక్కడా లేదు. బావగారు ప్రతి ఆదివారం ఉదయం కాఫీ అయిన తరువాత దాన్ని పెట్టుకుని వింటారు. ఈ మధ్య ఆ గొంతు మసకబారింది. కంబళి కప్పుకుని పాడుతున్నట్టు వినిపించసాగింది.

బావగారు ఒక పెద్ద దుకాణానికి పోయి తన బాధ చెప్పుకున్నారు. అక్కడి యువకుడు శ్రద్ధగా విని, "మీ ఆంప్లిఫయరు మంచిదే, స్పీకర్లూ మంచివే. మధ్యన ఉన్న తీగ నాసిరకం సార్. గొంతును అదే మింగేస్తున్నది" అన్నాడట. రెండు స్పీకర్లకు చెరి మూడు మీటర్ల తీగ, వెల నలభై రెండు వేలు. దానితో పాటు కరెంటు ప్లగ్గుకు తగిలించే త్రాడు పద్దెనిమిది వేలు. తీగ నేలకు తగలకుండా ఎత్తి పెట్టే పింగాణీ దిమ్మలు వేరే. డిపాజిట్టు కట్టి వారం రోజులు ఇంట్లో పెట్టుకోవచ్చు. నచ్చకపోతే తిరిగి ఇవ్వవచ్చు. బావగారు ముందుగా స్పీకరు తీగ మాత్రం తెచ్చుకున్నారు. మిగిలినవాటికి బ్యాంకులో ఉన్న ఫిక్సెడు డిపాజిట్టు విరగగొట్టే ఆలోచనలో ఉన్నారు.

"ఏమయ్యా, నువ్వు కచేరీలో లెక్కలు చూసేవాడివి. డబ్బు మాట ఎత్తితే అడ్డుపడతావని నాకు తెలుసు. ముందు ఒకసారి విని తరువాత మాట్లాడు" అన్నారు.

విన్నాము. పాఠకుల దగ్గర దాపరికం ఎందుకు? మాకూ తేడా వినిపించింది. పాత తీగతో ఒకసారి, కొత్త తీగతో ఒకసారి విన్నాము. కొత్త తీగతో అక్కయ్య గొంతు కాస్త ముందుకు వచ్చినట్టే తోచింది. నల్లని పట్టు అల్లిక, బంగారు పూత కొనలు, చిటికెన వేలంత లావు – ఆ తీగను చూస్తూ వింటే తోచక ఏమి చేస్తుంది? పిండి కొద్దీ రొట్టె అనే మాట చిన్నప్పటి నుంచీ మన ఒంట పట్టినదే గదా!

అయితే మాది గుమాస్తాగిరి. మొత్తం ఎంత బాగా కనబడినా వోచర్లు చూడకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. ఇంటికి వచ్చి లెక్క వేశాము.

రాగి తీగకు విద్యుత్తును అడ్డగించే గుణం కొంత ఉంటుంది. దాన్ని ఓముల్లో కొలుస్తారు. అంగడిలో మీటర్ల లెక్కన అమ్మే 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ మూడు మీటర్లు తీసుకుంటే, పోను రాను ఆరు మీటర్లకు దాని అడ్డు ఒక ఓములో ఇరవయ్యో వంతు కూడ లేదు. స్పీకరు అడ్డు సుమారు 8 ఓములు. అంటే తీగ మింగేది నూటికి అర్ధ రూపాయి. శబ్దంలో ఆ తేడా సుమారు 0.05 డెసిబెలు, మనిషి చెవికి అందేది కాదు. తీగ మరీ సన్నమై, పది పదిహేను మీటర్లు సాగితే సంగతి వేరు. అప్పుడు లావుపాటి తీగ కావలసిందే. కాని ఆ లావు తీగ కూడ రాగిదే, అంగడిలో దొరికేదే. మేము కొన్నది మీటరు నూరు రూపాయల లోపే.

ఇక కరెంటు త్రాడు. 1902లో శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు విద్యుత్తు సుమారు 92 మైళ్ళు తీగల మీద నడిచి వచ్చింది. ఆ గనుల్లో చెమటోడ్చినవారిలో మన తెలుగువారు ఎందరో ఉన్నారు. 1905లో బెంగుళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగాయి. ఆనాడు గాని ఈనాడు గాని విద్యుత్తు కొండలు, కోనలు దాటి, ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కి దిగి, వీధి స్తంభం నుంచి మన గోడలోని మామూలు తీగ గుండా ప్లగ్గు దాకా వస్తుంది. ఇన్ని మైళ్ళు లేని శుద్ధి, చివరి ఒక్క మీటరులో పద్దెనిమిది వేలు పోస్తే ఎక్కడి నుంచి వస్తుంది? పైనుంచి వచ్చే కాలువ నీళ్ళను ఇంట్లో వెండి గ్లాసులో పోసుకున్నంత మాత్రాన గంగాజలం కాదు గదా.

ఇది మన ఊరికే పట్టిన జాడ్యం కాదు. కాంపాక్టు డిస్కులు వచ్చింది 1982లో. ఆ తరువాత కొన్నేళ్ళకు, వాటి అంచుకు ఆకుపచ్చ సిరా పూస్తే పాట మెరుగవుతుందన్న నమ్మకం అమెరికాలో ప్రబలి, అందుకోసం కలాలు కూడ అమ్మారు. డిస్కులో ఉన్నవి అంకెలు. చదవడంలో చిన్న పొరపాటు వస్తే సరిదిద్దుకునే ఏర్పాటు దానిలోనే ఉన్నది. 2008లో ఒక పేరున్న జపాను కంపెనీ, కంప్యూటర్లకు వాడే రకం తీగను మీటరున్నర పొడవుది 499 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. పాట ఎటు నుంచి ఎటు పోవాలో దాని మీద బాణపు గుర్తులు కూడ వేశారు! అటువంటి తీగల్లో పోయేది ఒకట్లు, సున్నాలు. అవి చేరితే చేరినట్టు. చేరకపోతే పాట తెగుతుంది, చిటపటలాడుతుంది. అంతే గాని, ఖరీదైన తీగలో పోయిన ఒకటి మధురంగా, చవక తీగలో పోయిన ఒకటి కటువుగా ఉండవు.

2007లో అమెరికాలో జేమ్స్ రాండీ అనే ఆయన ఒక సవాలు విసిరారు. ఆయన పూర్వాశ్రమంలో ఇంద్రజాలికుడు. మోసాలు బయటపెట్టడంలో దిట్ట. 12 అడుగుల జత 7,250 డాలర్లు పలికే స్పీకరు తీగకూ, అంతకంటే చాలా చవకైన తీగకూ తేడాను కళ్ళతో చూడకుండా చెవితో చెప్పగలిగితే పది లక్షల డాలర్లు ఇస్తామన్నారు. వాదోపవాదాలు చాలా జరిగాయి, తీగ తయారుచేసినవారు తప్పుకున్నారు, పరీక్ష మాత్రం జరగలేదు. ఆ ఏడాదే మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఇటువంటిదే మరొక పరీక్ష ఫలితాన్ని ప్రకటించారు. కాంపాక్టు డిస్కు కంటే మేలైనదని చెప్పే శబ్దానికీ, దాన్నే డిస్కు స్థాయికి దించిన శబ్దానికీ తేడా చెప్పమని శ్రోతలను అడిగారు. 554 మార్లకు సరియైన జవాబులు 276. రూపాయి బిళ్ళ ఎగరవేసి చెప్పినా అన్నే వచ్చేవి.

అయితే, ఎక్కడో అమెరికాలో జరిగిన పరీక్షను చూపి బావగారిని ఒప్పించగలమా? "వాళ్ళు విన్నది మీ అక్కయ్య పాట కాదు గదా" అంటే ఏమి చెప్పగలము? ముంజేతి కంకణానికి అద్దమెందుకని, పరీక్ష మా ఇంటివాళ్ళమే చేశాము.

మరుసటి ఆదివారం స్పీకర్ల వెనుక దుప్పటి కట్టాము. పదో తరగతి చదివే మా అబ్బాయి దుప్పటి వెనుక. రూపాయి బిళ్ళ ఎగరవేయాలి. బొమ్మ పడితే కొత్త తీగ, బొరుసు పడితే మామూలు తీగ. మార్చినా మార్చకపోయినా ప్రతిసారీ ఆంప్లిఫయరు ఆపి, తీగలు ఊడదీసి మళ్ళీ బిగించాలి. లేకపోతే చప్పుడును బట్టి పోల్చుకోవచ్చు. వాడు తన కాగితం మీద వ్రాసుకుంటాడు, మాటాడడు. శబ్దం మీట ఎవ్వరూ ముట్టుకోరాదు, ఏమంటే రవ్వంత పెద్దగా వినిపించినది బాగున్నట్టే తోస్తుంది. బావగారు విని "కొత్తది" అనో "పాతది" అనో చెబితే మా అమ్మాయి వేరే కాగితం మీద వ్రాస్తుంది. పదహారు మార్లు అలా విన్నాము. ఉత్త ఊహతో చెప్పినా ఎనిమిది దాకా సరిపోతాయి. పన్నెండు, అంతకు మించి ఊహతో సరిపోవడం నూటికి నాలుగు మార్లే జరుగుతుంది. కాబట్టి పన్నెండు వస్తే తీగ ఉంచుకుందామని ముందే ఒప్పందం.

బావగారికి వచ్చినవి తొమ్మిది. మాకు ఏడు.

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. మాకు గెలిచిన సంతోషం ఏమీ కలగలేదు. "అయితే మీ అక్కయ్య గొంతు ఇక ఇంతేనా?" అన్నారు. అప్పుడు గాని మాకు బోధపడలేదు. ఆయన కొనబోయినది తీగను కాదు. దుకాణంవాడు అమ్మజూపినదీ తీగను కాదు.

ఆ సాయంకాలమే కేసెట్టు యంత్రాన్ని సంచిలో పెట్టుకుని, సాదర్ పత్రప్ప రోడ్డు దగ్గరి సందులో ఉన్న ఒక ముసలి రేడియో మెకానిక్కు దగ్గరకు పోయాము. ఆయన మూత తీసి, నవ్వి, దూది పుల్లను స్పిరిట్టులో ముంచి టేపు రాసుకుపోయే హెడ్డును తుడిచాడు. దూది కాఫీ పొడి రంగుకు తిరిగింది. రబ్బరు బెల్టు మార్చాడు. ఆ తరువాత కేసెట్టు పాడుతూ ఉండగానే హెడ్డు పక్కనున్న చిన్న మర సన్నగా త్రిప్పాడు. హెడ్డులోని సన్నని చీలిక టేపుకు నిట్టనిలువుగా ఉండాలట; రికార్డు చేసిన యంత్రంలో అది ఏ ఒరుపున ఉన్నదో, వినే యంత్రంలోనూ అదే ఒరుపున ఉండాలట. ఇసుమంత వాలినా పై స్వరాలు, స, చ వంటి అక్షరాల పదును ముందుగా పోతాయట. మర పావు చుట్టు తిరిగేసరికి కంబళి తొలగిపోయింది. మొత్తం ఖర్చు ఆరువందల యాభై.

ఇంటికి వచ్చి మీటరు నూరు రూపాయల తీగతోనే విన్నాము. మొదటి కృతికి ముందు ఇన్నాళ్ళూ ఏదో గొణుగుడు అనుకున్నది ఇప్పుడు మాటలై వినిపించింది. "ఏమండీ, ఆ ఫ్యాను కాస్త ఆపండి." బావగారు ఏమీ మాట్లాడలేదు. ఎదుటి గోడ కేసి చూస్తూ నాలుగు కృతులూ పూర్తిగా విన్నారు. మర్నాడు తీగను తిరిగి ఇచ్చి డిపాజిట్టు పూర్తిగా తెచ్చుకున్నారు. ఫిక్సెడు డిపాజిట్టు బ్యాంకులోనే ఉన్నది. మా అబ్బాయి ఆ పాటలను కంప్యూటరులోకి ఎక్కించి, బంధువులందరికీ తలా ఒక ప్రతి పంపాడు.

డబ్బున్నవారు తీగ అందం చూసి కొనుక్కుంటే, పట్టుచీర అంచు చూసి కొన్నట్టు, మాకు ఆక్షేపణ లేదు. కాని శబ్దం కోసమని కొనేవారు ముందుగా స్పీకర్లను గోడ మూల నుంచి కాస్త ముందుకు జరిపి చూడండి. గదిలో పరదాలు, తివాచీ వేసి చూడండి. తుప్పు పట్టిన కొనలు గీకి గట్టిగా బిగించండి. పాత కేసెట్లుంటే హెడ్డు తుడిపించండి. అప్పటికీ తీగే కావాలనిపిస్తే, ఒక దుప్పటి, ఒక రూపాయి బిళ్ళ, ఇంట్లో ఒక కుర్రవాడు ఉంటే చాలు.

మరొక్క మాట. మన ఇళ్ళలో అటక మీద ఇటువంటి కేసెట్లు ఎన్నో ఉన్నాయి. టేపుకూ ఆయుస్సు ఉన్నది. వచ్చే ఆదివారమే దింపి చూడండి.